చెస్, గో గేమ్ రికార్డులు: నమ్మకమైన డేటాబేస్ ఎక్కడ దొరుకుతుంది?

కొత్తపేట_బంటు
మా అమ్మాయికి పన్నెండేళ్ళు. జిల్లా పోటీలు దాటి రాష్ట్ర స్థాయి టోర్నమెంట్లు ఆడుతోంది. కోచ్ గారు "మాస్టర్ల గేములు చూపించండి, ఇంట్లో ఒక డేటాబేస్ పెట్టుకోండి" అన్నారు. పోయిన నెల ఒక టోర్నమెంట్ హాలు బయట బల్ల వేసుకుని గడియారాలు, పుస్తకాలు అమ్ముతుంటే, 'కోటి గేములు' అని రాసి ఉన్న పెన్‌డ్రైవ్ 900 రూపాయలు పెట్టి కొన్నాను. ఇంటికొచ్చి తెరిస్తే తల తిరిగిపోయింది. ఒకే గేమ్ నాలుగైదు సార్లు ఉంది. కొన్నిటికి ఆటగాళ్ళ పేర్లే లేవు. కొన్ని మూడో ఎత్తుకే ఆగిపోయాయి. కోనేరు హంపి గేములు చూపిద్దామని వెతికితే పదిహేను వచ్చాయి. 2002లోనే గ్రాండ్‌మాస్టర్ అయిన మనిషివి పదిహేనే గేములా?

ఇంకో సంగతి. ఆఫీసులో ఒక కొలీగ్ దగ్గర నేను గో (నల్ల, తెల్ల రాళ్ళతో ఆడే బోర్డు ఆట) నేర్చుకుంటున్నాను. దానికీ రికార్డులు కావాలి. 'గో డేటాబేస్' అని ఇంగ్లీషులో వెతికితే ప్రోగ్రామింగ్ భాష గురించి వస్తోంది, తెలుగులో వెతికితే ఒంగోలు గిత్తలు వస్తున్నాయి.

రెండింటికీ మంచి రికార్డులు ఎక్కడ దొరుకుతాయో చెప్పండి. డబ్బు పెట్టాలంటే పెడతాను, ఈసారి తెలుసుకుని పెడతాను.

ఖాళీ_గడి
గోకి కొరియాలో 'బాడుక్', చైనాలో 'వెయ్‌చీ', జపాన్‌లో 'ఇగో'. ఆ పేర్లతో వెతకండి. 'ఇగో' అని మాత్రం తెలుగులో కొట్టకండి, మా కరీంనగర్‌లో ప్రతి మాటా దాంతోనే మొదలవుతుంది 😄

హన్మకొండ_గుర్రం
పెన్‌డ్రైవ్ పక్కన పెట్టెయ్యండి అన్నా. అందులో ఉన్నవన్నీ నెట్‌లో ఫ్రీగా దొరికేవే, ఎవరో అన్నీ కలిపి ఒక కుప్ప పోశారు.

మీకు ముందు కావాల్సింది 'ద వీక్ ఇన్ చెస్'. అందరూ ట్విక్ అంటారు. మార్క్ క్రౌథర్ అనే ఆయన 1994 నుంచి నడుపుతున్నాడు. ప్రతి సోమవారం, ఆ వారం ప్రపంచంలో జరిగిన పెద్ద టోర్నమెంట్ల గేములన్నీ ఒక పీజీఎన్ ఫైల్‌గా (చెస్ ఎత్తులు రాసి పెట్టే మామూలు టెక్స్ట్ ఫైల్) పెడతాడు. పైసా అడగడు. పేర్లు, రేటింగులు, తేదీలు శుభ్రంగా ఉంటాయి. నేను రోజూ వాడేది అదే.

పాతవి కావాలంటే కైసాబేస్ ఉంది, అదీ ఫ్రీయే. నలభై లక్షల పైచిలుకు గేములు. ఒక్క ఆటగాడివే, ఒక్క ఓపెనింగ్‌వే (ఆట మొదట్లో ఆడే ఎత్తుల వరస) కావాలంటే పీజీఎన్ మెంటర్ సైట్‌లో పేరు మీద నొక్కితే చిన్న జిప్ ఫైల్ దిగుతుంది. పన్నెండేళ్ళ పిల్లకి మొదలుపెట్టడానికి అది చాలు.

డల్లాస్_ఏనుగు
పైన చెప్పినవి మంచివే, కాదనను. కానీ పిల్ల సీరియస్‌గా ఆడుతుంటే చెస్‌బేస్ మెగా డేటాబేస్ కొనండి. కోటికి పైగా గేములున్నాయి, వాటిలో లక్షకు పైగా గేములకి మాస్టర్లు రాసిన వ్యాఖ్యానాలు ఉన్నాయి. ఆ వ్యాఖ్యానాలకే డబ్బు పెడుతున్నామని అనుకోండి.

డేటాబేస్ ఏం చేస్తుందో తెలియాలంటే మాజీ ప్రపంచ ఛాంపియన్ కాస్పరోవ్ కథ చాలు. 1985లో హాంబర్గ్‌లో ఎనిమిది మంది లీగ్ ఆటగాళ్ళతో ఒకేసారి ఆడి 3.5-4.5 తేడాతో ఓడిపోయాడు. వాళ్ళు ఎలా ఆడతారో ఆయనకి తెలియదు. 1987లో అదే జట్టుతో మళ్ళీ కూర్చునే ముందు, అప్పుడే తయారవుతున్న చెస్‌బేస్‌లో వాళ్ళ గేములన్నీ చూసుకుని వచ్చాడు. 7-1తో గెలిచాడు.

హన్మకొండ_గుర్రం
డల్లాస్ అన్నా, కాస్పరోవ్ చూసింది కోటి గేములు కాదు, ఎదురుగా కూర్చునే ఎనిమిది మందివి. నేను చెప్పేదీ అదే. ఎన్ని ఉన్నాయన్నది కాదు, మనకి కావాల్సినవి ఉన్నాయా అన్నది ముఖ్యం.

డల్లాస్_ఏనుగు
కోటిలోంచి ఆ ఎనిమిది మందిని తీసుకోవచ్చు కదా. లేని చోట నుంచి ఎలా తీస్తారు?

పీజీఎన్_పిచ్చి
కొత్తపేట గారి హంపి ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు. నాకు తెలిసి పదిహేనే రావడానికి కారణం పేరు. గేములు అక్కడే ఉన్నాయి, వేరే పేరు కింద ఉన్నాయి.

పీజీఎన్ ఫైల్లో పేరు రాసే పద్ధతి ఇది: ముందు ఇంటిపేరు, కామా, తర్వాత పేరు. మనకది కొత్త కాదు, మనమూ ఇంటిపేరే ముందు రాస్తాం. కానీ మన పిల్లలు బయట దేశాల్లో ఆడినప్పుడు అక్కడి నిర్వాహకులు 'ఏది ఇంటిపేరు' అని తికమకపడి అటూ ఇటూ చేసేస్తారు. దాంతో ఒకే మనిషి 'కోనేరు, హంపి', 'హంపి, కోనేరు', 'కోనేరు, హెచ్' అని ముగ్గురవుతారు. మీరు వెతికింది ఆ ముగ్గురిలో ఒకరిని.

ఫిడే (ప్రపంచ చెస్ సమాఖ్య) జాబితా చూడండి. హంపి 'కోనేరు, హంపి' అని ఉంటుంది, అంటే కే కింద. హారిక మాత్రం 'హారిక, ద్రోణవల్లి', అంటే హెచ్ కింద. పెంటేల హరికృష్ణ కూడా 'హరికృష్ణ' అనే హెచ్ కింద. ముగ్గురూ మనవాళ్ళే, ఇంటిపేర్లు రాసుకునే పద్ధతి ఒకటే, జాబితాలో మాత్రం తలో రకం. అర్జున్ ఎరిగైసి పేరు రెండు వైపులా కనిపిస్తుంది.

దీనికి మందు ఫిడే ఐడీ నంబరు. ఈ మధ్య ట్విక్ ఫైళ్ళలో దాదాపు ప్రతి గేమ్ పైనా తెల్ల ఆటగాడి ఫిడే ఐడీ, నల్ల ఆటగాడి ఫిడే ఐడీ అని రెండు వరసలు ఉంటాయి. పేరు ఎలా రాసినా ఆ నంబరు మారదు. నంబరుతో వెతకండి. మీ అమ్మాయికి రేటింగ్ వచ్చి ఉంటే తనకీ ఒక నంబరు ఉంటుంది, ఎక్కడైనా కాగితం మీద రాసి పెట్టుకోండి.

ఆరో_లైను
పిచ్చి గారూ, ఇది బంగారం లాంటి మాట. నా దగ్గర నేర్చుకునే ఒక అబ్బాయి ఇంటిపేరు రెండు రకాల స్పెల్లింగ్‌తో నమోదైంది. వాడి ప్రత్యర్థి పాత గేములు చూసి తయారై వచ్చాడు, కానీ సగమే చూశాడు. మిగతా సగం ఇంకో స్పెల్లింగ్ కింద ఉండిపోయింది. ఆ రోజు మావాడు గెలిచాడు.

ఖాళీ_గడి
ఆ అబ్బాయి ఇంటిపేరు చెప్పండి అక్కా, నేనూ మార్చుకుంటాను.

నల్లరాయి
గో సంగతి నేను చెబుతాను. ఒసాకాలో ఆరేళ్ళున్నాను, అక్కడే నేర్చుకున్నాను.

గో రికార్డులు ఎస్‌జీఎఫ్ అనే ఫైళ్ళలో ఉంటాయి. చెస్‌కి పీజీఎన్ ఎలాగో దీనికి ఇది అలాగ. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే కుడి పై మూలలో వేసిన రాయి 'పి, డి' అనే రెండు అక్షరాలుగా కనిపిస్తుంది. ఎడమ నుంచి పదహారో గీత పి, పై నుంచి నాలుగో గీత డి. బోర్డు అంచున రాసే అక్షరాల్లో 'ఐ' వదిలేస్తారు, ఫైల్లో వదలరు. అందుకే అదే రాయి బోర్డు మీద క్యూ16 అవుతుంది. మొదట్లో నేను ఇక్కడే రెండు రోజులు కొట్టుకున్నాను.

దొరికే చోట్లు:

వాల్తెరీ ప్యాటర్న్ సెర్చ్. ఏదీ దించుకోనక్కర్లేదు, బ్రౌజర్‌లో రాళ్ళు పెడితే ప్రొఫెషనల్స్ తర్వాత ఎక్కడ వేశారో చూపిస్తుంది. కొత్తవాళ్ళకి ఇదే మొదటి మెట్టు.

ఆండ్రీస్ బ్రౌవర్ అనే డచ్ గణిత శాస్త్రవేత్త తన పేజీలో పెట్టిన సేకరణ. ఫ్రీ. పాత జపాన్ గేములు, టైటిల్ మ్యాచ్‌లు సంవత్సరాల వారీగా సర్ది ఉంటాయి.

గోగాడ్. జాన్ ఫెయిర్‌బెయిర్న్, టి. మార్క్ హాల్ కలిసి కట్టిన సేకరణ, లక్షకు పైగా గేములు. డబ్బు కట్టాలి. చైనా, జపాన్ పాత పుస్తకాల నుంచి ఏరి, తేదీలు సరిచూసి పెట్టారు. గో చరిత్ర మీద ఆసక్తి ఉంటే దీని తర్వాతే ఏదైనా.

గో4గో. ఇప్పటి ప్రొఫెషనల్ గేములు దాదాపు రోజూ చేరుతుంటాయి. చూడటం వరకూ సులువే, కట్టగా దించుకోవాలంటే చందా.

ఇంట్లో కూర్చుని వెతకడానికి కొంబిలో అనే ఫ్రీ ప్రోగ్రాం ఉంది.

కొత్తపేట_బంటు
అందరికీ కృతజ్ఞతలు. నల్లరాయి గారూ, 'ప్యాటర్న్' వెతకడం అంటే ఏంటి? చెస్‌లో పొజిషన్ వెతకడం లాంటిదేనా?

నల్లరాయి
దగ్గరిదే కానీ అదే కాదు. చెస్‌లో అరవై నాలుగు గడులూ కలిపి ఒక పొజిషన్. ఒక బంటు పక్కకి జరిగినా వేరే కథ. గో బోర్డు మీద 361 బిందువులు, మొత్తం బోర్డు సరిపోయే గేములు కొన్ని ఎత్తులు దాటాక చాలా తక్కువే మిగులుతాయి. అందుకే ఒక మూల వరకే గీత గీసి "ఈ మూలలో ఇలా ఉంటే తర్వాత ఏం చేశారు" అని అడుగుతాం. పైగా ఆ మూలని తిప్పినా, అద్దంలో చూసినా అదే ఆకారం, ఎనిమిది రకాలుగా ఉండొచ్చు. రంగులు తారుమారైనా అదే. ప్రోగ్రాం అవన్నీ కలిపి వెతుకుతుంది.

ఒక జాగ్రత్త. మూల ఒకటే అయినా పక్క మూలల్లో ఉన్న రాళ్ళని బట్టి మంచి ఎత్తు మారిపోతుంది. వెతికిన వెంటనే లెక్క చూసి ఆగిపోకండి. ఐదారు గేములు తెరిచి మొత్తం బోర్డు చూడండి.

బుర్ర_వేడి
చెస్ ఆడే స్టాక్‌ఫిష్, గో ఆడే కటాగో అనే ప్రోగ్రాంలు (ఇంజిన్లు) ఫోన్లోనే ఉన్నాయి. మనుషులెవరి కంటే కూడా గట్టిగా ఆడతాయి. ఇంకా పాత గేములెందుకు? ఇంజిన్‌ని అడిగితే సరిపోదా?

ఆరో_లైను
సరిపోదు. నా దగ్గరికి వచ్చే ఒక అమ్మాయి ఇంజిన్ చెప్పిన లైన్ పధ్నాలుగు ఎత్తులు కంఠతా పట్టింది. పదిహేనో ఎత్తుకి ప్రత్యర్థి వేరే ఆడాడు. పిల్ల నలభై నిమిషాలు బోర్డు వైపు చూస్తూ కూర్చుంది. ఆ పధ్నాలుగు ఎత్తులు ఎందుకు ఆడుతున్నానో తనకి తెలియదు. ఇంజిన్ ఏది మంచిదో చెబుతుంది. ఆ పొజిషన్‌లో మనుషులు ఏనుగుల్ని ఎటు తిప్పుతారు, ఏ బంటుని తోస్తారు, ఎక్కడ తడబడతారు అన్నది ఒకే ఓపెనింగ్‌లో ముప్పై పూర్తి గేములు చూస్తేనే కంటికి అలవాటవుతుంది. ఎండ్‌గేమ్ దాకా చూడాలి, ఇరవయ్యో ఎత్తు దగ్గర మూసెయ్యకూడదు.

నల్లరాయి
ఆరో_లైను గారి మాటకి ఒకటి కలుపుతాను. గూగుల్ వాళ్ళ గో ప్రోగ్రాం ఆల్ఫాగో కూడా మనుషుల గేములు చూసే మొదలుపెట్టింది. కేజీఎస్ అనే సర్వర్‌లో గట్టి ఆటగాళ్ళు ఆడిన గేముల నుంచి దాదాపు మూడు కోట్ల పొజిషన్లు దానికి చూపించారు. ఆ తర్వాతే 2016 మార్చిలో సియోల్‌లో కొరియా ప్రొఫెషనల్ లీ సెడోల్ ముందు కూర్చుంది. ఆ కేజీఎస్ గేములు ఇప్పటికీ నెలవారీ కట్టలుగా దొరుకుతాయి.

బుర్ర_వేడి
తర్వాత వచ్చిన ఆల్ఫాగో జీరో మనుషుల గేములు ఒక్కటీ చూడలేదు కదా?

నల్లరాయి
చూడలేదు, నిజమే. కానీ అది తనతో తాను లక్షల గేములు ఆడుకుంది. మీకు నాకు అంత టైం ఎక్కడిది?

శకటు_సుబ్బయ్య
నాకు 68 ఏళ్ళు. ఏలూరు. మీ మాటలు చదువుతుంటే ముచ్చటగా ఉంది.

మా రోజుల్లో డేటాబేస్ అంటే 'ఇన్ఫార్మెంట్'. బెల్‌గ్రేడ్‌లో 1966 నుంచి వేసేవాళ్ళు. అప్పట్లో అందులో మాట అనేదే ఉండేది కాదు, అన్నీ గుర్తులే. ఒక ఆశ్చర్యార్థకం ఉంటే మంచి ఎత్తు, ప్రశ్నార్థకం ఉంటే తప్పు. భాష రాకపోయినా ఎవరైనా చదువుకోవచ్చు. ఇప్పుడు మీరంతా వాడే బి12, డి02 లాంటి ఓపెనింగ్ నంబర్లు కూడా వాళ్ళు పెట్టినవే, ఏ00 నుంచి ఇ99 దాకా మొత్తం ఐదు వందలు.

మా ఊళ్ళో నలుగురం కలిసి చందా వేసుకుని ఒక సంచిక తెప్పించుకునేవాళ్ళం. వారం చొప్పున వంతులు. నా వంతు వచ్చినప్పుడు కావాల్సిన గేములు రూళ్ళ నోటుబుక్కులో ఎత్తి రాసుకునేవాణ్ణి. రాసింది రాసినట్టు గుర్తుండిపోయేది. ఇప్పుడు పిల్లలు బాణం మీట నొక్కుతూ నిమిషంలో నలభై ఎత్తులు దాటేస్తున్నారు. కొత్తపేట బాబూ, మీ అమ్మాయి చేత బోర్డు మీద కాయలు కదిలిస్తూ ఆడించండి. రోజుకి ఒక్క గేమ్ చాలు.

హన్మకొండ_గుర్రం
మాస్టారూ, ఈ మాట మా అకాడెమీ గోడ మీద రాయిస్తాను.

పీజీఎన్_పిచ్చి
ఫ్రీగా చెస్ ఆడుకునే సైట్ లీచెస్ సంగతి ఎవరూ ఎత్తలేదు. వాళ్ళ డేటాబేస్ పేజీలో 2013 జనవరి నుంచి ఆడిన రేటెడ్ గేములన్నీ నెలకో ఫైల్‌గా ఉన్నాయి. ఎవరైనా, దేనికైనా వాడుకోవచ్చు. కానీ నేరుగా ఈ మధ్య నెల ఫైల్ దించకండి. ఒక్కో నెలలో కోట్ల గేములు, కంప్రెస్ చేసిన ఫైలే పదుల జీబీలు. ఆసక్తి ఉంటే 2013 జనవరి ఫైల్‌తో మొదలుపెట్టండి. 1,21,332 గేములే.

అందులో అందరి గేములూ ఉంటాయి, నిన్న మొన్న నేర్చుకున్న వాళ్ళవి కూడా. చదువుకోడానికి అయితే లీచెస్‌లోనే ఓపెనింగ్ ఎక్స్‌ప్లోరర్ తెరిచి 'మాస్టర్స్' ట్యాబ్ నొక్కండి. 1952 నుంచి బోర్డు మీద ఎదురెదురుగా ఆడిన గేములు, 2200 పైన రేటింగ్ ఉన్నవాళ్ళవి. పక్క ట్యాబ్‌లో మామూలు ఆటగాళ్ళ గేములు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే మాస్టర్లు ఆడేది ఏంటో, మన స్థాయిలో ఎదురయ్యేది ఏంటో రెండూ తెలుస్తాయి.

డల్లాస్_ఏనుగు
లెక్కల గురించి ఒక మాట. "ఈ ఎత్తుకి 71 శాతం గెలుపు" అని కనిపించగానే పిల్లలు ఎగిరి గంతేస్తారు. కింద చూస్తే ఏడే గేములు ఉంటాయి. లేదా అన్నీ మూడు నిమిషాల బ్లిట్జ్ అయి ఉంటాయి. ట్విక్‌లో కూడా రాపిడ్, బ్లిట్జ్ గేములు కలిసే వస్తాయి, టోర్నమెంట్ పేరు చూసి వేరు చేసుకోవాలి.

నల్లరాయి
గోలో ఈ తేడా ఇంకా పెద్దది. పాతకాలంలో కోమి లేదు. అంటే నలుపు ముందు ఆడుతుంది కాబట్టి తెలుపుకి ఇచ్చే పాయింట్లు అప్పట్లో ఇచ్చేవాళ్ళు కాదు. ఇప్పుడు జపాన్‌లో ఆరున్నర, చైనాలో ఏడున్నర. పాతకాలపు జపాన్ ఆటగాడు షూసాకు నలుపుతో నెమ్మదిగా, గట్టిగా ఆడి గెలిచేవాడు, ఎందుకంటే మొదటి ఎత్తు లాభం మొత్తం ఆయనదే. ఆ గేములూ ఇప్పటి గేములూ ఒకే సంచిలో పోసి "నలుపు ఇలా ఆడితే ఇంత శాతం" అని లెక్క తీస్తే ఆ లెక్కకి అర్థం లేదు. సంవత్సరం పెట్టి వడకట్టండి.

పేర్ల గొడవ గోలోనూ ఉంది. గో సైగెన్ అనే గొప్ప ఆటగాడు చైనాలో పుట్టాడు, అక్కడ వూ చింగ్‌యువాన్. రాసే అక్షరాలు అవే, చదవడం వేరు. జపాన్‌లో రిన్ కైహో అనే ఆయనే చైనీయులకి లిన్ హైఫెంగ్. చో చికున్ కొరియాలో జో చిహున్. ఒక పేరుతో వెతికి "తక్కువ ఉన్నాయే" అనుకోకండి.

పీజీఎన్_పిచ్చి
చూశారా, హంపికీ గో సైగెన్‌కీ ఒకటే బాధ!

కృష్ణా_తీరం
నాదో అనుమానం. ఇలా గేములన్నీ దించుకుని వాడుకోవడం తప్పు కాదా? ఎవరిదో సొత్తు కదా?

డల్లాస్_ఏనుగు
ఎత్తులు ఎవరి సొత్తూ కాదు, అవి జరిగిన విషయం. 2016లో కార్ల్‌సన్, కర్యాకిన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ న్యూయార్క్‌లో జరిగినప్పుడు నిర్వాహకులు వేరే సైట్లు ఎత్తులు చూపించకుండా ఆపమని అక్కడి కోర్టుకి వెళ్ళారు. జడ్జి ఆపడానికి ఒప్పుకోలేదు. కానీ ఎవరైనా కూర్చుని రాసిన వ్యాఖ్యానం వాళ్ళ సొత్తే. కొన్న డేటాబేస్‌ని వ్యాఖ్యానాలతో సహా నలుగురికీ పంచిపెట్టడం తప్పు.

ఆరో_లైను
కొత్తపేట గారూ, అసలు విషయం ఎవరూ చెప్పలేదు. రాష్ట్ర స్థాయి పిల్లల గేములు ఈ డేటాబేస్‌ల్లో దాదాపు ఉండవు. టోర్నమెంట్ ఫలితాలు పెట్టే చెస్-రిజల్ట్స్ సైట్‌లో ఎవరితో ఎవరు ఆడారు, ఎవరు గెలిచారు అన్నది ఉంటుంది, ఎత్తులు ఎప్పుడో తప్ప ఉండవు. కాబట్టి మీ అమ్మాయికి అన్నిటికంటే విలువైన డేటాబేస్ తన స్కోర్‌షీట్లే (ఆడుతూ ఎత్తులు రాసుకునే కాగితాలు). ఆ గులాబీ రంగు కార్బన్ కాపీలు పారేశారా, ఉన్నాయా?

కొత్తపేట_బంటు
ఉన్నాయి అక్కా. బ్యాగులో, పాత టిఫిన్ బాక్సులో, కొన్ని పుస్తకాల మధ్య. ఇప్పుడే అన్నీ తీసి లెక్కపెట్టాను. 31.

ఆరో_లైను
ఈ రాత్రి నుంచే ఎక్కించడం మొదలుపెట్టండి. అక్షరాలు చెరిగిపోకముందే. స్కిడ్ వర్సెస్ పీసీ అనే ఫ్రీ ప్రోగ్రాం వేసుకోండి. పెన్‌డ్రైవ్ కుప్పలో డూప్లికేట్లు తీసే పని కూడా అదే చేస్తుంది, దాంట్లో 'ట్విన్స్' అని ఉంటుంది, కవలల్లాంటి గేములు అన్నమాట. అమ్మాయి చేతే ఎక్కించండి, మీరు చదివి చెప్పండి.

కొత్తపేట_బంటు
పది రోజుల తర్వాత వస్తున్నాను. 31 గేములూ ఎక్కించాం. రోజూ అన్నం తిన్నాక ఒక గంట. నేను చదువుతాను, తను ఎక్కిస్తుంది. రెండు షీట్లలో మధ్యలో ఒక ఎత్తు రాయడం మర్చిపోయింది, బోర్డు మీద పెట్టి ఏమై ఉంటుందో ఇద్దరం కలిసి కనిపెట్టాం.

ఇప్పుడు అసలు సంగతి. తను నలుపుతో కారో-కాన్ అనే ఓపెనింగ్ ఆడుతుంది. తెలుపు బంటుని ఇ5కి తోస్తే శకటుని ఎఫ్5కి తెస్తుంది. అప్పుడు ఎదుటివాళ్ళు హెచ్ బంటుని రెండు గడులు తోస్తే మా అమ్మాయి ఏమీ పట్టనట్టు ఇ6 ఆడుతోంది. తర్వాత వరసగా జీ4, శకటు ఇ4కి, ఎఫ్3, శకటు జీ6కి, హెచ్5. అంతే, శకటు పోయింది. ఒక బంటుని తీసుకుని చావడం తప్ప దారి లేదు. ఒక్కసారి కాదు, 31లో మూడు గేములు ఇలాగే ఓడింది, మూడు వేర్వేరు ఊళ్ళలో. ఒక్కో ఓటమికీ ఆ రోజు ఒక్కో కారణం చెప్పుకున్నాం. జ్వరం అన్నాం, టెన్షన్ అన్నాం.

ఈ ఓపెనింగ్ నంబరు బి12 పెట్టి ట్విక్ గేముల్లో వెతికాం. మాస్టర్లు ఎక్కువగా హెచ్5 ఆడి ఆ బంటుని అక్కడే ఆపేస్తున్నారు. తను స్క్రీన్ వైపు చూసి "నాన్నా, అందరూ ఆపుతున్నారు, నేనొక్కదాన్నే ఆపలేదు" అంది.

హన్మకొండ_గుర్రం
మూడు గేములూ ఒక చోట పెడితేనే ఇది కనిపించింది చూడండి. ఇప్పుడు హెచ్5 తర్వాత వచ్చే పొజిషన్ల నుంచి ఒక ఇరవై పూర్తి గేములు తీసి ఇవ్వండి. సుబ్బయ్య మాస్టారు చెప్పినట్టు బోర్డు మీద, రోజుకొకటి.

డల్లాస్_ఏనుగు
మెగా డేటాబేస్ లేకుండానే పని జరిగింది. ఒప్పుకుంటున్నాను. 2000 రేటింగ్ దాటాక మళ్ళీ అడగండి, అప్పుడు కొనమనే చెబుతాను.

నల్లరాయి
గో ఎంతవరకు వచ్చింది?

కొత్తపేట_బంటు
మీరు చెప్పిన డచ్ ఆయన పేజీలో 1945 హోనింబో (జపాన్‌లో పెద్ద గో టైటిల్) మ్యాచ్ చూశాను, హషిమోతో, ఇవామోతో ఆడింది. తేదీ ఆగస్టు 6 అని చూసి ఆగిపోయాను. హిరోషిమా శివార్లలో ఆడుతున్నారట. బాంబు దెబ్బకి రాళ్ళు చెదిరిపోతే మళ్ళీ పేర్చుకుని ఆట పూర్తి చేశారట. ఫైల్లో మాత్రం ఎత్తులు వరసగా ఉన్నాయి, ఒకదాని తర్వాత ఒకటి. ఏది బాంబుకి ముందు, ఏది తర్వాత అని ఎక్కడా తెలియదు. రెండుసార్లు ఆడి చూశాను. సగం ఎత్తులు నాకు అర్థం కాలేదు, అయినా చివరిదాకా ఆడాను.

నల్లరాయి
అర్థం కాకపోయినా ఫర్వాలేదు. ఆరు నెలల తర్వాత మళ్ళీ తెరవండి.

శకటు_సుబ్బయ్య
మీ 31 కాగితాల సంగతి చదివాక రాత్రి నిద్ర పట్టలేదు. మా ఇంట్లో ఒక ట్రంకు పెట్టె ఉంది. 1979 నుంచి 1994 దాకా విజయవాడ, గుంటూరు, ఏలూరు, రాజమండ్రి టోర్నమెంట్లలో నేనూ నా స్నేహితులూ ఆడిన స్కోర్‌షీట్లు. నాలుగు వందలు ఉంటాయి. ఆడినవాళ్ళలో చాలామంది ఇప్పుడు లేరు. ఏ డేటాబేస్‌లోనూ వాళ్ళ పేర్లు లేవు, నేను వెతికాను. ఒక ఇబ్బంది, పాతవన్నీ డిస్క్రిప్టివ్ పద్ధతిలో ఉన్నాయి. పీ-కే4 అని ఉంటుంది, ఈ4 అని కాదు.

పీజీఎన్_పిచ్చి
మాస్టారూ, దయచేసి ఆ పెట్టె ఎవరికీ ఇవ్వకండి, ఎండలో పెట్టకండి. పాత పద్ధతి నేను మార్చగలను. అందులో నలుపు ఎత్తులు నలుపు వైపు నుంచి లెక్కపెడతారు, అదొక్కటి గుర్తుంచుకుంటే చాలు. నలుపు పీ-కే4 అని రాస్తే అది ఇ5. ఫోన్‌తో ఒక్కో షీట్ ఫోటో తీసి పదేసి చొప్పున పంపండి.

ఆరో_లైను
నేను నెలకి నలభై ఎక్కిస్తాను.

హన్మకొండ_గుర్రం
మా అకాడెమీ పిల్లలకి ఆదివారం పని దొరికింది. మాకూ నలభై.

కొత్తపేట_బంటు
మేం పది. మా అమ్మాయి పాత పద్ధతి నేర్చుకుంటానంటోంది.

పీజీఎన్_పిచ్చి
మొదలుపెట్టే ముందు ఒకటి తేల్చుకోవాలి. పేర్లు ఎలా రాద్దాం? ఇంటిపేరు ముందా, పేరు ముందా? ఇప్పుడు తప్పు చేస్తే ఇంకో నలభై ఏళ్ళ తర్వాత ఎవరో మళ్ళీ ఇక్కడికొచ్చి "పదిహేనే దొరికాయి" అంటారు.

శకటు_సుబ్బయ్య
షీటు మీద ఎవరి చేత్తో వాళ్ళు పేరు రాసుకున్నారు బాబూ. ఎలా రాసుకున్నారో అలాగే పెట్టండి. పక్కన ఊరు, సంవత్సరం వెయ్యండి. మొదటి పది ఫోటోలు ఈ సాయంత్రం పంపిస్తాను, మా మనవడు కాలేజీ నుంచి రాగానే.